రద్దు నొక్కని ఊరు

ఉద్యోగ విరమణకు ఇంకా ఏడాది ఉందనగా, ఒక మే నెలలో, మా కంపెనీ నన్ను గురజాల పంపింది. అప్పటికి నా హోదా సీనియర్ భాషా సమీక్షకురాలు. హైదరాబాదులో ఫోన్ యాప్‌లు తయారుచేసే ఒక సంస్థలో తెలుగు మాటలకు పూచీ నాది. మెనూలో పేరు, బటన్ మీద మాట, ఏదైనా తప్పు జరిగినప్పుడు తెర మీద వచ్చే సందేశం, ఇవన్నీ జనం చేతికి వెళ్లేలోగా నా కళ్ల ముందు నుంచి పోవాలని నియమం. ఆ నియమాన్ని ఎన్నిసార్లు పాటించారు, ఎన్నిసార్లు పక్కన పెట్టారు అన్నది వేరే సంగతి.

ఈ పనిలోకి నేను ప్రెస్సు నుంచి వచ్చాను. మాది నరసరావుపేట. పెళ్లికి ముందు నుంచే గుంటూరులో ప్రూఫులు దిద్దేదాన్ని. అచ్చు పని తగ్గిపోయే కాలానికి కంప్యూటర్ల మీదికి తెలుగు వచ్చింది, దాని వెంట నేనూ వచ్చాను. ప్రూఫులు దిద్దేవాళ్లకు అనుమానమే పెట్టుబడి. మాట బాగుంది కదా అనుకుని ముందుకు పోతే తప్పు దొరకదు. మా ఇంట్లో నన్ను అనుమానం పక్షి అని ఏడిపించేవారు. ఉప్పు ప్యాకెట్ మీద రాసింది కూడా రెండుసార్లు చదివే మనిషిని కాబట్టి ఆ బిరుదు నాకు తగినదే.

గురజాల పంపించిన కారణం ఇది. మా యాప్‌లలో ఒకటి పంట సలహాలు చెప్పేది. రైతు తన పొలంలో నిలబడి ఫోనులో ఆ పొలాన్ని నమోదు చేసుకుంటే, ఆ చుట్టుపక్కల ఏ తెగులు వస్తోంది, ఎప్పుడు ఏ మందు కొట్టాలి అని చెబుతుంది. నమోదు పూర్తవగానే తెర మధ్యలోకి ఒక పెట్టె ఊడిపడుతుంది. దాన్ని మావాళ్లు పాప్-అప్ అంటారు. మనం చేస్తున్న పనిని ఆపేసి, ఏదో ఒకటి నొక్కితే గాని అది పక్కకు తప్పుకోదు. ఆ పెట్టెలో ఇలా ఉండేది: "మీ పేరు, ఫోన్ నంబరు, పొలం వివరాలు చుట్టుపక్కల రైతులకు, మా వ్యాపార భాగస్వాములకు కనిపించడానికి మీ సమ్మతి తెలపండి." కింద రెండు బటన్లు. ఒకదాని మీద "అంగీకరిస్తున్నాను", రెండోదాని మీద "వద్దు". ఆ మాటలు నేను చూసి ఆమోదించినవే.

మిగతా జిల్లాల్లో చాలామంది "వద్దు" నొక్కి ముందుకు పోయారు. పల్నాడులో మాత్రం దాదాపు అందరూ అంగీకరించారు. యాప్ బాధ్యత చూసే ప్రొడక్ట్ మేనేజర్ నిఖిల్‌కు పట్టరాని సంతోషం. అతను హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు, మర్యాదస్తుడు, నా కొడుకు వయసువాడు. పల్నాడు రైతులకు మన మీద అంత నమ్మకం ఎందుకు కుదిరిందో చూసి రండి మేడమ్, అదే పద్ధతి మిగతా జిల్లాల్లో కూడా పెడదాం అన్నాడు.

నాకు ఆ మాట దగ్గరే అనుమానం తగిలింది. మా వైపు మనిషి పెళ్లి భోజనానికి పిలిచినా ఎందుకు పిలిచాడా అని ఒక క్షణం ఆలోచిస్తాడు. సంతకం పెట్టమంటే కాగితం తిరగేసి వెనక వైపు కూడా చూస్తాడు. అలాంటివాళ్లు ముక్కూ మొహం తెలియని వ్యాపార భాగస్వాములకు తమ పొలం చూపించడానికి మూకుమ్మడిగా ఒప్పుకున్నారంటే, అది నమ్మకమని నేను నమ్మలేకపోయాను.

గురజాలలో గది తీసుకుని, పొద్దున్నే బస్సెక్కి రెంటచింతల దారిలో ఉన్న ఒక ఊరికి వెళ్లేదాన్ని. ఆ ఎండ గురించి చెప్పాల్సిన పనిలేదు. పాలకేంద్రం వరండాలో నాకొక బల్ల వేశారు. మేము చేసేదాన్ని వాడుక పరీక్ష అంటారు. మనిషి చేతికి పరీక్ష కోసం తెచ్చిన ఫోను ఇచ్చి, మీ ఇంట్లో చేసుకున్నట్టే చేసుకోండి అని చెప్పాలి. ఆ తర్వాత సాయం చేయకూడదు, అడిగినదానికి జవాబు చెప్పకూడదు, ముఖంలో ఏ భావమూ కనిపించనివ్వకూడదు. మనిషి ఏం చెప్పాడన్నది రెండో విషయం. వేలు ఎటు పోయింది, ఎక్కడ ఆగింది అన్నది మొదటి విషయం.

నేను వాళ్లను పరీక్షించడం మొదలుపెట్టే ముందే వాళ్లు నన్ను పరీక్షించడం మొదలుపెట్టారు. ఏ పార్టీ సర్వేనమ్మా అని మొదట అడిగారు. పార్టీ కాదంటే బీమా కంపెనీయా అన్నారు. అదీ కాదంటే రెవెన్యూ వాళ్లా అన్నారు. ఏదీ కాదనేసరికి అనుమానం తీరకపోగా ఇంకా గట్టిపడింది. ఒక పెద్దాయన నా బ్యాగు వైపే చూస్తూ, "ఎవరూ పంపకుండా ఈ ఎండలో ఎవరొస్తారమ్మా" అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు.

మొదటి మనిషి పొలం నమోదు చేయడం అయింది, పెట్టె వచ్చింది. పక్కనుంచి తెర వంక చూశాను. పెద్ద ఆకుపచ్చ బటన్ మీద "అంగీకరిస్తున్నాను" అని ఉంది. దాని కింద బూడిద రంగులో సన్నటి బటన్. దాని మీద "రద్దు" అని ఉంది.

అచ్చుతప్పు అనుకున్నాను. "వ" పడాల్సిన చోట "ర" పడింది. ప్రెస్సులో ఇలాంటివి వేలకొద్దీ దిద్దాను. ఒక్క అక్షరం మారితే మాట మారిపోవడం తెలుగులో కొత్తేమీ కాదు. తర్వాత మరో ఫోనులో చూశాను. అక్కడా "రద్దు" అనే ఉంది. నేను ఆమోదించిన పెట్టెలో రెండు బటన్లూ ఒకే కొలత, ఒకే రంగు. అచ్చుతప్పు అక్షరాన్ని మారుస్తుంది గాని, బటన్‌ను సన్నగా చేసి బూడిద రంగు పూయదు.

పరీక్షకు వచ్చినవాళ్లంతా ఒకే రకంగా చేశారు. వేలు ఆకుపచ్చ బటన్ మీదికి పోతుంది, అక్కడ ఆగుతుంది, కిందికి దిగుతుంది, "రద్దు" పక్కకు వచ్చి మళ్లీ ఆగుతుంది, కరెంటు తీగ తగిలినట్టు వెనక్కి వెళ్లి ఆకుపచ్చది నొక్కుతుంది. అది ఎందుకు నొక్కారని అడిగితే, మంచిదే గదా అని నొక్కాం అంటారు. మీ వివరాలు ఎవరికీ చూపించడం ఇష్టం లేకపోతే ఏది నొక్కుతారు అని అడిగితే, "ఇష్టం లేదని ఎవరన్నారు?" అని ఎదురు ప్రశ్న. ఎవరు కాదంటారో ఏరి, వాళ్ల పేర్లు ఎక్కడో ఇవ్వడానికి నేను వచ్చానని వాళ్ల అనుమానం. వాళ్లు నాకు అబద్ధం చెబుతున్నారని నా అనుమానం. అలా ఆ రోజంతా ఒకరినొకరం చూసుకుంటూ కూర్చున్నాం.

మర్నాడు ఎండ నెత్తిమీదికి వచ్చే వేళకు ఒకామె నెత్తిన తువ్వాలు వేసుకుని నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది. సన్నగా ఉంది, నాకన్నా పదేళ్లు చిన్నది కావచ్చు. చేతిలో ఫోను ఉంది.

"ఏమ్మా, ఈ యాప్ వాళ్లు మీరేనా?"

నేనే అన్నాను.

"అయితే నా కౌలు ఊడగొట్టింది మీరే."

ఆమె పేరు కోటేశ్వరమ్మ. కౌలు రైతు. గురజాలలో పురుగుమందుల షాపు నడిపే బ్రహ్మయ్య గారి మూడెకరాలు కొన్నేళ్లుగా ఆమే కౌలుకు తీసుకుని మిరప వేస్తోంది. భర్తకు నడుము దెబ్బతిని బరువు పనులు చేయలేడు, కాబట్టి ఆ పొలమే ఆ ఇంటికి ఆధారం. మా వైపు కౌలు చాలావరకు నోటిమాట మీద నడుస్తుంది. కాగితం రాసుకోవడం అంటే యజమానులకు భయం. కౌలుదారు పేరు ఎక్కడైనా సాగుదారుగా ఎక్కిందంటే, రేపు ఆ పొలం మీద హక్కు అడుగుతారని వాళ్ల బెంగ. అందుకే కౌలుకు ఇచ్చేటప్పుడు మొదటి షరతు ఇదే, నీ పేరు ఎక్కడా పడకూడదని.

మిరపకు నల్లి పట్టినప్పుడు సలహా కోసం కోటేశ్వరమ్మ ఆ పొలంలో నిలబడి మా యాప్‌లో నమోదు చేసుకుంది. పెట్టె వచ్చింది, ఆకుపచ్చది నొక్కింది. ఆ తర్వాత బ్రహ్మయ్య గారు తన ఫోనులో అదే యాప్ తెరిస్తే, మ్యాపులో ఆయన మూడెకరాల మీద ఈమె పేరు కనిపించింది. "సాగుదారు: కోటేశ్వరమ్మ." ఆ మాట ఆయనకు సర్కారు రికార్డులో మాటలా కనిపించింది. మరుసటి రోజే కబురు పెట్టి, వచ్చే పంటకు ఇంకొకరిని చూసుకుంటానని చెప్పేశాడు. కౌళ్లు కుదుర్చుకునే రోజులు దాటిపోతున్నాయి. ఇప్పుడు ఈ పొలం పోతే ఆమెకు ఇంకోటి దొరకదు.

మీరు ఒప్పుకున్నట్టు నొక్కారు కదా అని నెమ్మదిగా అడిగాను. ఆమెకు కోపం వచ్చింది.

"నేనెందుకు ఒప్పుకుంటా? ఊరందరికీ చూపియ్యమని నేనెందుకు చెప్తా? నేనేం ఒప్పుకోలా. రద్దు కాకుండా చూసుకున్నా, అంతే."

ఏది రద్దవుతుందనుకున్నారు అని అడిగాను.

"ఏమో, ఏదో ఒకటి అయిద్ది గదా. మా అత్తకి పింఛను రద్దయింది. మా రేషన్ కార్డు ఒకసారి రద్దయితే, మళ్లీ తెచ్చుకునేదానికి ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరిగినయి. రద్దు అని రాసినదాని మీద ఏలెవరు పెడతారు?"

అప్పటిదాకా నోరు విప్పనివాళ్లంతా ఒక్కసారి మాట్లాడారు. ఒకాయన పాస్‌బుక్కు రద్దవుతుందనుకున్నాడట. ఇంకొకాయన పంట బీమా అనుకున్నాడు. ఇంకొకరు ఫోన్ నంబరే పోతుందేమోనని భయపడ్డారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టు, రెండింటిలో తక్కువ ప్రమాదమని తోచినదాన్ని నొక్కారు. దాన్నే మా హైదరాబాదు ఆఫీసులో నమ్మకం అని పేరు పెట్టుకుని సంతోషపడుతున్నారు.

ఇక్కడ మా పని గురించి ఒక మాట చెప్పాలి. ఇంగ్లీషు యాప్‌లలో "క్యాన్సిల్" అనే బటన్ ఉంటుంది. దానర్థం, ఈ పెట్టె మూసెయ్యి, ఏమీ మార్చకు అని. చాలా ఏళ్లుగా తెలుగులో దానికి "రద్దు" అని పెట్టడం అలవాటైపోయింది. పదకోశంలో పక్కపక్కన రాసుకుంటే తప్పు కనిపించదు. కానీ తెలుగులో రద్దు అనేది మనం చేసుకునే పని కాదు. పైవాళ్లు మనకు చేసే పని. ఆఫీసరు చేస్తాడు, ప్రభుత్వం చేస్తుంది. బస్సు రద్దయింది, సభ రద్దయింది, కార్డు రద్దయింది. మనకు ఇష్టం లేనిదాన్ని మనం వద్దంటాం, రద్దు చేయం.

ఆ మధ్యాహ్నమే నిఖిల్‌కు ఫోను చేశాను. "వద్దు" అని ఉండాల్సిన చోట "రద్దు" పడింది, ఎవరు మార్చారు అని అడిగాను. అది తప్పు కాదు మేడమ్ అన్నాడు. రెండు రకాల పెట్టెలు వదిలాం, మిగతా జిల్లాలకు ఒకటి, పల్నాడుకు ఒకటి అన్నాడు. మా రంగంలో ఇది మామూలు పద్ధతే. ఏ రంగుకు, ఏ మాటకు ఎక్కువమంది నొక్కుతారో చూడడానికి ఒక గుంపుకు ఒకటి, ఇంకో గుంపుకు ఇంకోటి చూపిస్తారు. గెలిచిందాన్ని అందరికీ పెడతారు. పల్నాడు పెట్టె గెలిచింది. దాన్ని రాష్ట్రమంతా పెట్టే ముందు, ఎందుకు గెలిచిందో రాసి పెట్టడానికి నన్ను పంపారు.

మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదు అన్నాను. చెబితే మీరు ఒక అభిప్రాయం పెట్టుకుని వెళ్తారని అన్నాడు. "రద్దు" అనే మాట ఎవరు ఎంచుకున్నారు అంటే, ఇంగ్లీషు ఫైలులో క్యాన్సిల్ అని మార్చాం, తెలుగు పదకోశం నుంచి దానంతటదే వచ్చింది అన్నాడు. బటన్ సన్నబడడం, బూడిద రంగు కూడా దానంతటవే వచ్చాయా అని అడిగాను. అవి డిజైన్ వాళ్లు చూసుకుంటారు అన్నాడు. ఈ మాటకు జనం భయపడతారని మీలో ఎవరికైనా తెలుసా అని చివరికి అడిగాను. ఎక్కువమంది దేన్ని నొక్కుతారని చూస్తాం మేడమ్, ఎందుకు నొక్కుతారని ముందు చూడం అన్నాడు.

జనం చేతిలో ఉన్న యాప్‌ను ఆపే అధికారం భాషా విభాగానికి లేదు. సలహా రాసే అధికారమే ఉంది. నేను చేయగలిగింది ఒక్కటే, కోటేశ్వరమ్మ ఫోను తీసుకుని ఆమె అనుమతిని వెనక్కి తీయడం. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు చాలింది. వెనక్కి తీసుకోవడానికి మెనూలో మెనూ తెరుచుకుంటూ వెళ్లాలి. ఆ మాటలన్నీ నా చేతుల మీదుగా పోయినవే, అయినా ఆ చోటు పట్టుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. చివరికి మ్యాపులో ఆమె పేరు పోయింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. నాకూ తేలికగా అనిపించింది.

మర్నాడు ఆమె నన్ను బ్రహ్మయ్య గారి దగ్గరికి రమ్మంది. వాడుక పరీక్షకు వెళ్లినవాళ్లు వాడుకదారుల సొంత వ్యవహారాల్లో తలదూర్చకూడదని మాకు నియమం. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మా మేనేజర్లు అనేవాళ్లే. కానీ ఆ కందకు దురద పుట్టించింది మా కత్తిపీటే. నేను వెళ్లాను.

ఆయన షాపులో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, జేబులో కళ్లజోడు. మమ్మల్నిద్దర్నీ కలిపి చూడగానే ముఖం మారింది. మీరు రెవెన్యూనా, కౌలు రైతుల సంఘమా అని నన్ను అడిగాడు. యాప్ తయారుచేసిన సంస్థ నుంచి వచ్చానని, తప్పు మా పెట్టెలో ఉందని, ఆమె కావాలని పేరు ఎక్కించుకోలేదని వివరంగా చెప్పాను. ఆయన అంతా విన్నాడు.

"నిన్నటిదాకా ఆ పేరుంది. ఇయ్యాల లేదు. తియ్యాల్సిన అవసరం ఏమొచ్చిందమ్మా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది."

నేను చేసిన మంచిపనే ఆమె మీద సాక్ష్యంగా నిలబడింది. కోటేశ్వరమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో నా మీద కూడా అనుమానం కనిపించింది. బ్రహ్మయ్య గారూ నేనూ కలిసి ఆమెను ముంచుతున్నామేమోనని ఆ క్షణంలో ఆమెకు అనిపించి ఉంటే, నేను ఆమెను తప్పుపట్టను.

"మావా, నీ పొలం నాకెందుకు? నల్లికి ఏం మందు కొట్టాలా అని చూసుకున్నా. నీ షాపులోనే కొన్నా గదా ఆ మందు" అంది ఆమె.

"మందు సంగతి కాదులేవే. పేరు సంగతి."

నేను ఆయన్ను తన ఫోనులో యాప్ తెరవమన్నాను. మ్యాపులో ఆయన పేరుతో వెతికితే మాచర్ల వైపు ఆయనకున్న ఇంకో పొలం దొరికింది, చూపించాను. దాని మీద ఆయన పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి. ఇది నాకొక్కడికే కనిపిస్తదా అన్నాడు. చుట్టుపక్కల యాప్ ఉన్న ప్రతివాడికీ, మా వ్యాపార భాగస్వాములకూ కనిపిస్తుందని చెప్పాను. కళ్లజోడు తీసి పెట్టుకుని మళ్లీ చూశాడు. నేనెప్పుడు ఒప్పుకున్నా అన్నాడు. పరీక్ష ఫోనులో ఆ పెట్టె తెరిచి ఆయన ముందు పెట్టాను, ఏమీ చెప్పలేదు.

ఆయన వేలు ఆకుపచ్చ బటన్ మీదికి పోయింది. కిందికి దిగింది. "రద్దు" పక్కన ఆగింది.

"ఆ, ఇదా. ఇదొచ్చింది నాక్కూడా. షాపు లైసెన్సు నంబరు ఎక్కిచ్చా దీంట్లో. రద్దు అంటే అది పోద్దేమోనని..."

అక్కడ ఆపేశాడు. కోటేశ్వరమ్మ వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. షాపులో ఎవరో మందు డబ్బా అడిగితే లేచి ఇచ్చి వచ్చాడు. వచ్చి కూర్చున్నాక, ఆమె అబద్ధం చెప్పలేదని ఒప్పుకున్నాడు. అంతవరకు న్యాయంగానే మాట్లాడాడు. కానీ పొలం ఇంకొకరికి ఇస్తానని మాట ఇచ్చేశాడట. మాట తప్పితే ఊళ్లో తలెత్తుకోలేనన్నాడు.

"ఇంకొకటుందమ్మా. ఆ పేరు ఊరంతా చూసింది. ఇప్పుడు మళ్లీ ఈమెకే ఇస్తే, బ్రహ్మయ్య భయపడి ఇచ్చాడంటారు. రేపు నా ఇంకో కౌలుదారు కూడా ఇట్టాగే ఎక్కిచ్చుకుంటాడు. పెట్టె సంగతి నాకర్థమైంది, ఊరికి ఎట్టా చెప్పను?"

మేము లేచేటప్పుడు, మాచర్ల పొలం మీద నా పేరు తీసెయ్యమ్మా అన్నాడు. తీసేశాను. కోటేశ్వరమ్మ బస్టాండు దాకా నాతో వచ్చింది. బస్సు వచ్చాక, మీరు వచ్చారు, అది చాల్లే అక్కా అంది. ఆ మాట ఈ రోజుకీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. నేను రావడం వల్ల ఆమెకు జరిగిన మేలు ఏమీ లేదు.

హైదరాబాదు వచ్చి నివేదిక రాశాను. పల్నాడులో ఎవరూ ఒప్పుకోలేదని, రద్దుకు భయపడి పక్కకు తప్పుకున్నారని మొదటి వాక్యంలోనే రాశాను. సమావేశం పెట్టారు. "రద్దు" తీసేయడానికి నిఖిల్ వెంటనే సిద్ధపడ్డాడు. అంత వెంటనే సిద్ధపడడం కూడా నాకు అనుమానంగానే ఉండింది. దాని బదులు డిజైన్ వాళ్లు తెచ్చిన మాట "తర్వాత చూద్దాం". వినడానికి ఎంత మర్యాదగా ఉందో చూడండి మేడమ్ అన్నారు.

మా వైపు గడపలోకి వచ్చిన మనిషి మొహం మీద వద్దు అని ఎవరూ అనరు. చూద్దాంలే అంటారు. అన్నవాడికీ విన్నవాడికీ అది వద్దనే అని తెలుసు. విన్నవాడు మళ్లీ ఆ విషయం ఎత్తడు. ఫోనుకు ఆ మర్యాద తెలియదు. చూద్దాం అన్నారు కదా అని మర్నాడు పెట్టె పట్టుకుని మళ్లీ వస్తుంది, ఆ మర్నాడు మళ్లీ వస్తుంది. విసుగెత్తి ఏదో ఒకనాడు మనిషి ఆకుపచ్చది నొక్కుతాడు. ఇది భయపెట్టి ఒప్పించడం కాదు గాని, వేధించి ఒప్పించడం. ఆ సంగతి వాళ్లకు తెలుసో తెలియదో అడగడం నేను అప్పటికే మానేశాను.

నేను కోరినవి ఇవి. పెట్టెలో సూటిగా అడగాలి, "మీ పేరు, పొలం ఇతరులకు చూపించాలా?" అని. బటన్లు రెండూ ఒకే కొలత, ఒకే రంగు. ఒకటి "చూపించండి", ఇంకోటి "చూపించొద్దు". చూపించొద్దు అన్నవాళ్లను మళ్లీ అడగకూడదు. "రద్దు" పెట్టె చూసినవాళ్లందరి వివరాలూ ముందు దాచేసి, ఆ తర్వాత కొత్తగా అడగాలి. మొదటివాటికి తలలూపారు. చివరిదాని దగ్గర పేచీ వచ్చింది. ఒప్పుకున్నవాళ్లను మళ్లీ ఎందుకు అడగాలి మేడమ్, సగం మంది పోతారు అన్నాడు నిఖిల్. పోయేవాళ్లు ఎప్పుడూ మనతో లేరు అన్నాను.

నడుస్తున్న యాప్‌ను ఆపే అధికారం నాకు లేదని చెప్పాను కదా. కానీ కొత్త విడుదలకు తెలుగు సమీక్షకుల ఆమోదం కావాలి. నేను ఆమోదం ఇవ్వలేదు. రిటైరయ్యే ముందు ఎందుకీ గొడవ అని శ్రేయోభిలాషులు చెప్పారు. నేను దిగిరాలేదు. కొన్నాళ్లకు నివేదిక మా న్యాయ సలహాదారు చేతికి వెళ్లింది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే యాప్ నడుపుకునే అనుమతే రద్దు కావచ్చని ఆయన చెప్పాడట. ఆ మాట విన్నాక వాళ్లంతా అన్నిటికీ ఒప్పుకున్నారు. మనసు మారి ఒప్పుకున్నారని నేను అనుకోవడం లేదు.

కొత్త పెట్టె బయటికి వెళ్లేసరికి వానలు మొదలయ్యాయి. ఒకరోజు కోటేశ్వరమ్మ ఫోను చేసింది. వేరే ఎవరిదో ఎకరం మెరక చేను కౌలుకు దొరికిందని, పత్తి పెట్టానని, మిగతా రోజులు కూలికి పోతున్నానని చెప్పింది. బ్రహ్మయ్య మూడెకరాల్లో ఇంకొకరు మిరప నారు నాటుతున్నారట. ఆ రోజు ఆమె కూలికి వెళ్లింది కూడా ఆ నాట్లకే.

"మీ పెట్టె వచ్చిందక్కా ఇందాక. పొలం చూపించాలా అని అడుగుతా ఉంది. ఆ మూడెకరాలే. అది ఇప్పుడు నాది కాదు గదా, ఏం నొక్కను?"

మా నియమం ప్రకారం నేను చెప్పకూడదు. మీకు ఏది ఇష్టమైతే అది అన్నాను. కొంచెంసేపటికి మళ్లీ మాట వినిపించింది.

"చూపించొద్దు నొక్కా. ఏం కాలా అక్కా. పెట్టె పోయింది, అంతే." తర్వాత ఇంకో మాట అంది. "అప్పుడు కూడా ఇంతేనా? నొక్కితే ఏం కాకపోయేదా?"

ఇంతే, ఏమీ అయ్యేది కాదు అన్నాను. ఆమె ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు ఏ పెట్టె నా ముందుకు వచ్చినా కాదనే బటన్‌నే ముందు చదివాను. దాన్ని నొక్కితే తనకు ఏమీ పోదని నొక్కే మనిషికి ఆ మాటలోనే తెలియాలి. తెలియకపోతే పైన ఎంతమంది ఒప్పుకున్నా అది ఒప్పుకోలు కాదని రాసి వెనక్కి పంపేదాన్ని. ఆ "రద్దు"ను తెలిసి పెట్టారా, తెలియక పెట్టారా అన్నది మాత్రం నాకు తేలలేదు. కోటేశ్వరమ్మ పొలానికి సంబంధించినంతవరకు రెండింటికీ తేడా లేదు.